ఇరుక్కున్న డీవీడీ వదినది, పెట్టె తమ్ముడిది

కావలి నుంచి ఓ పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వెయ్యొద్దన్నారు. సంగతి క్లుప్తంగా ఇదీ.

ఒంగోలులో ఉండే ఆడపడుచు కూతురికి మూడు వారాల్లో ఓణీల ఫంక్షన్. ఆ రోజు కల్యాణ మండపంలో ఎల్‌ఈడీ తెర మీద తాతగారి వీడియో వేయించాలని ఆమె కోరిక. పాఠకురాలి మామగారు పోయి రెండేళ్లయింది. ఆయన నడుస్తూ, మాట్లాడుతూ, వియ్యంకులతో నవ్వుతూ కనిపించేది 2008 నాటి ఆడపడుచు పెళ్లి డీవీడీలోనే. "ఇవ్వండి వదినా, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి పంపిస్తా" అని ఈమే అడిగి తెచ్చుకున్నారు. ఇంట్లో పాత కంప్యూటర్ ఉంది. దాని దుమ్ము దులిపేలోపే పద్నాలుగేళ్ల కొడుకు "పెద్ద టీవీలో చూద్దాం" అంటూ డీవీడీని ప్లేస్టేషన్ 4 అనే వీడియో గేముల పెట్టెలో పెట్టేశాడు. ఆ ప్లేస్టేషన్ బెంగళూరులో ఉద్యోగం చేసే తమ్ముడిది. సెలవుల్లో పిల్లకాయలు ఆడుకుంటారని వదిలి వెళ్లాడు.

డీవీడీ లోపలికి పోయింది, గరగరమంది. బొమ్మ రాలేదు, డిస్కూ బయటికి రాలేదు. దాని మీద స్టూడియో వాళ్లు పెళ్లి ఫోటో ఉన్న కాయితం అతికించి ఉన్నారట. పిల్లవాడు కత్తి మొనతో కెలికాడట. ట్రంకు రోడ్డులో ఒక దుకాణంలో చూపిస్తే "పదిహేను వందలవుతుంది, డిస్క్ విరిగినా మాకు సంబంధం లేదు" అన్నారట. తమ్ముడు ఫోనులో "ఎవరూ విప్పొద్దు, దీపావళికి వచ్చి నేనే చూస్తా" అన్నాడు. భర్తేమో "బయటికొచ్చాకే అక్కకు చెబుదాం" అంటున్నారు. అత్తగారు "ఇప్పుడే చెప్పు, దాస్తే రేపు మాట పడేది నువ్వే" అంటున్నారు. ముందు ఏం చెయ్యాలి, ఎవరికి ఏం చెప్పాలి అని పాఠకురాలి ప్రశ్న.

జవాబు:

ముందు ఆ పెట్టె ప్లగ్గు తీసేయండి. మిగతాది తీసి వచ్చాక చదవొచ్చు. ముందు భాగంలో నారింజ రంగు లైటు వెలుగుతుంటే అది ఆగినట్టు కాదు, నిద్రలో ఉన్నట్టు. పవర్ బటన్‌ను రెండో బీప్ వినిపించేదాకా నొక్కి పట్టుకుంటే పూర్తిగా ఆగుతుంది. అప్పుడు ప్లగ్గు తీయండి. ఎవరైనా మళ్లీ ఆన్ చేస్తే డ్రైవ్ ఆ డిస్కును తిప్పబోతుంది. ఊడిన కాయితం లోపల ఉంటే, తిప్పిన ప్రతిసారీ ఇంకాస్త చుట్టుకుంటుంది.

ఇక మీ చిక్కు. ఇరుక్కున్న రెండు వస్తువుల్లో ఏదీ మీది కాదు. మీ భయమంతా అక్కడే ఉంది. పెట్టె పాడైతే డబ్బు పోతుంది, మరొకటి కొనొచ్చు. డీవీడీ పాడైతే మామగారి గొంతు పోతుంది. దుకాణం వాళ్ల లెక్క దీనికి తలకిందులు: వాళ్లకు పెట్టె ఖరీదైనది, డీవీడీ ఇరవై రూపాయల ప్లాస్టిక్కు. తమ్ముడి లెక్కా ఇంచుమించు అదే. అందుకని ఎవరు ఏ ఉపాయం చెప్పినా "దీనివల్ల డిస్కుకు ఏమవుతుంది?" అని మొదట అడగండి. పెట్టెకు ఏమవుతుందన్నది ఆ తర్వాత.

వదినకు చెప్పే సంగతిలో నా మొగ్గు మీ అత్తగారి వైపే. కారణం మాత్రం మాట పడటం కాదు, టైము. 2008లో పెళ్లి వీడియో సెట్లు సాధారణంగా రెండు వైపులకూ ఇచ్చేవాళ్లు. వదిన అత్తవారింట్లో, మరుదుల ఇళ్లలో, పెదనాన్నల బీరువాల్లో ఇంకో కాపీ ఉండే అవకాశం బాగానే ఉంది. అప్పట్లో చాలా స్టూడియోలు చిన్న డీవీ క్యాసెట్ల మీద తీసి, తర్వాత డీవీడీలోకి ఎక్కించేవి. ఆ స్టూడియో మూతపడినా, తీసినాయన ఇంట్లో క్యాసెట్లు అటక మీద ఉండొచ్చు. ఇవన్నీ వెతికించగలిగేది వదిన ఒక్కరే. మీరు దాచిన ప్రతి రోజూ ఆ వెతుకులాటలో ఒక రోజు తగ్గిపోతుంది. ఫంక్షన్‌కు రెండు రోజుల ముందు చెబితే ఆమె చెయ్యగలిగేది కోప్పడటం ఒక్కటే.

మీ ఆయన మాటలోనూ కొంత న్యాయం ఉంది. చిన్న ప్రయత్నంతో రేపే బయటికి వచ్చేదానికి ఇవాళ అందరినీ కంగారుపెట్టడం ఎందుకన్నది ఆయన ఆలోచన. అలా అయితే ఒక గడువు పెట్టుకోండి. కింద చెప్పిన మొదటి రెండు మార్గాలకూ కలిపి ఒక్క రోజు చాలు. ఆ సాయంత్రానికి డిస్క్ చేతికి రాకపోతే ఫోను చెయ్యండి, మీ ఆయన చేత కాకుండా మీరే. "వదినా, డీవీడీ డ్రైవ్‌లో ఇరుక్కుంది. విరగలేదు, తీయించే పని మీద ఉన్నాం. ఈలోగా మీ అత్తగారి వైపు ఇంకో కాపీ ఉందేమో అడిగిస్తారా?" అంటే సరిపోతుంది. కత్తి సంగతి మొదటి ఫోనులోనే చెప్పక్కర్లేదు, కానీ అడిగితే లేదని చెప్పొద్దు.

పిల్లవాణ్ణి తిట్టడం తర్వాతకు పెట్టుకోండి. వాడి దగ్గర మీకు కావలసిన సమాచారం ఉంది, తిడితే అది రాదు. డీవీడీ పెట్టేటప్పటికి లోపల ఆట డిస్క్ ఉందా? డిస్క్ దానంతటదే లోపలికి జారిందా, వీడు నెట్టాడా? ఫోటో ఉన్న వైపు పైకి ఉందా? కత్తి ఎంత లోపలికి వెళ్లింది? వాడు గుర్తులేదంటే ఆట డిస్కుల డబ్బాలన్నీ తెరిచి చూడండి. ఏదైనా ఖాళీగా ఉంటే లోపల రెండు డిస్కులు ఒకదాని మీద ఒకటి ఉన్నాయనే అనుకోవాలి. అలా అయితే మొదటి రెండు మార్గాలూ వదిలేసి నేరుగా మూడోదానికి వెళ్లండి. రెండు డిస్కులున్న చోట మోటారు తిప్పితే ఒకదాన్నొకటి గీసుకుంటాయి. ఆట డిస్క్ బ్లూరే రకం, సమాచారం ఉన్న పొర అడుగు ఉపరితలానికి 0.1 మిల్లీమీటరు లోతులోనే ఉంటుంది. అప్పుడు నష్టం తమ్ముడికి కూడా.

అసలు లోపల ఏం జరిగి ఉంటుంది? పాత కంప్యూటర్‌లోలాగా దీనికి బయటికొచ్చే ట్రే ఉండదు. సన్నటి సందు, దాని వెనక రబ్బరు రోలరు. చెరుకు రసం మిషను గడను లాక్కున్నట్టు రోలరు డిస్కును లోపలికి లాక్కుని, ఇరుసు మీద కూర్చోబెట్టి వదిలేస్తుంది. డీవీడీ మందం 1.2 మిల్లీమీటర్లు, సందూ రోలరూ ఆ కొలతకే చేసి ఉంటాయి. పైన కాయితం, జిగురు చేరితే బిగువవుతుంది. పైగా పదిహేనేళ్లు దాటిన జిగురు. మన రోహిణి కార్తె ఎండకు, అందులోనూ ఆడి ఆడి వేడెక్కిన పెట్టెలో, మెత్తబడి కాయితం అంచు లేస్తుంది. ఆ అంచు రోలరుకో లోపలి రేకుకో పట్టుకుంటుంది. మీరు విన్న గరగర బహుశా అదే. కాయితం అతికించిన డిస్కును సందు రకం డ్రైవ్‌లో పెట్టకూడదనేది ఇందుకే.

మొదటి మార్గం ఖర్చు లేనిది. ప్లగ్గు, కేబుళ్లు అన్నీ తీసి పెట్టెను చల్లటి గదిలో రెండు మూడు గంటలు వదిలేయండి. చల్లబడితే జిగురు కాస్త గట్టిపడుతుంది. ఫ్రిజ్‌లో పెట్టమని ఎవరైనా చెబితే వినకండి. బయటికి తీయగానే మన సముద్రపు గాలికి లోపలంతా చెమ్మ పడుతుంది. తర్వాత టార్చి వేసి సందులోకి చూడండి. కాయితం ముక్క వేలాడుతుంటే పట్టి లాగొద్దు, చిరిగి సగం లోపలే ఉండిపోతుంది. అది ఎక్కడుందో గుర్తుంచుకుంటే చాలు.

ఇప్పుడు పెట్టె వెనక వైపు కింద రెండు మూడు పుస్తకాలు పెట్టి, సందున్న ముందు వైపు కిందికి వాలేలా ఉంచండి. ఇది ప్లగ్గు పెట్టకముందే చెయ్యాలి. లోపల హార్డ్‌డిస్క్ తిరుగుతుండగా పెట్టెను కదిపినా, తట్టినా అదొక కొత్త తలనొప్పి. కరెంటు కేబుల్ ఒక్కటే పెట్టి, ఆన్ చేసి వెంటనే ఎజెక్ట్ నొక్కండి. పాత మోడళ్లలో అది నొక్కే బటన్ కాదు, తాకితే పనిచేసే చోటు. చెమట చేతితో కాకుండా పొడి వేలితో తాకండి. పెట్టెను కదపకుండా, మీరే చెవి దగ్గరికి వంచి వినండి. మోటారు చప్పుడు వచ్చి డిస్క్ అంచు కొంచెం కనబడితే రెండు వేళ్లతో అంచులు పట్టుకుని తిన్నగా, నెమ్మదిగా లాగండి. మోటారు తిరుగుతున్నా డిస్క్ కదలకపోతే రోలరు జారుతోందన్నమాట. ఇంకొక్కసారి ప్రయత్నించొచ్చు. కాయితం నలిగే చప్పుడో, రాపిడి చప్పుడో వస్తే వెంటనే ప్లగ్గు లాగేయండి. అసలు చప్పుడే లేకపోతే ఈ మార్గం మూసుకుపోయినట్టే. మొత్తం మీద రెండు సార్లు మించి నొక్కొద్దు. ఖర్చు లేని మార్గమే అయినా, నొక్కిన కొద్దీ కాయితం రోలరుకు చుట్టుకునే ప్రమాదం పెరుగుతుంది.

రెండో మార్గం చాలామందికి తెలియదు, దుకాణంలోనూ మీకు చెప్పినట్టు లేదు. ప్లేస్టేషన్ 4కు కరెంటు లేకుండా డిస్కును చేత్తో బయటికి తెచ్చే స్క్రూ ఒకటి ఉంటుంది. పెట్టె వెనకో అడుగునో ఉన్న స్టిక్కరు మీద సీయూహెచ్ అని మొదలయ్యే మోడల్ నంబరు చూడండి. స్క్రూ చోటు మోడల్‌ను బట్టి మారుతుంది, తిప్పాల్సిన దిక్కు కూడా చూసుకోవాలి. సోనీ సహాయ పేజీల్లో మోడల్ వారీగా బొమ్మలున్నాయి. ఆ నంబరు తమ్ముడికి పంపి బొమ్మ వెతికి పెట్టమనండి. "విప్పొద్దు" అన్న మనిషికి చేతిలో ఒక పని పెడితే, పనిలో ఆయన కూడా భాగస్వామి అవుతాడు. పైగా ఇది డ్రైవ్ విప్పడం కాదు, తయారుచేసిన వాళ్లే ఇలాంటి అవసరానికి పెట్టిన ఏర్పాటు.

దీనికి పొడుగు కాడ ఉన్న చిన్న స్టార్ స్క్రూడ్రైవర్ కావాలి. ప్లగ్గు తీసి ఉండాలి. బల్ల మీద మెత్తటి తుండు పరిచి, పెట్టెను బొమ్మలో ఉన్నట్టు బోర్లించి, స్క్రూను నెమ్మదిగా తిప్పండి. చాలా చుట్లు తిప్పాలి. మొదట్లో ఏమీ జరగనట్టే అనిపిస్తుంది. లోపల గేర్లు కదిలి, ఆ కదలిక రోలరుకు అందడానికి టైము పడుతుంది. మోటారు కంటే ఇదే మీ డిస్కుకు మేలు. అడ్డం తగిలితే మోటారుకు తెలియదు, మీ వేళ్లకు తెలుస్తుంది. గట్టిగా తగిలితే ఆపండి, కొంచెం వెనక్కి తిప్పి మళ్లీ ముందుకు తిప్పండి. బలం ఉపయోగిస్తే ప్లాస్టిక్ గేరు పళ్లు అరిగిపోతాయి, అక్కడితో ఈ దారి శాశ్వతంగా పోతుంది. అంచు బయటికి రాగానే స్క్రూ వదిలేసి చేత్తో పట్టుకోండి.

అప్పటికీ రాకపోతే మూడోది: పెట్టె విప్పి, డ్రైవ్ బయటికి తీసి, దాని పైరేకు విప్పి డిస్కును పైకి ఎత్తడం. డిస్క్ బతకాలంటే ఇదే అన్నిటికంటే నమ్మకమైన దారి. లాగడం, నెట్టడం ఉండదు. చుట్టుకున్న కాయితాన్ని కళ్లతో చూస్తూ విడదీయొచ్చు. ఇబ్బందల్లా పెట్టె వైపే. పైమూత పట్టి ఉంచే స్క్రూలు మామూలు స్టార్‌వి కావు, ఆరు కోణాల తల, మధ్యలో చిన్న పిన్ను ఉన్న టార్క్స్ రకం. దానికి నడిమి రంధ్రం ఉన్న టీ8 లేదా టీ9 బిట్టు కావాలి. వారంటీ స్టిక్కర్లు చిరుగుతాయి. 2014లో మన దేశంలోకి వచ్చిన యంత్రం కాబట్టి వారంటీ ఎప్పుడో అయిపోయి ఉండొచ్చు, అయినా తమ్ముణ్ణి అడిగి తెలుసుకోండి. లోపల డ్రైవ్‌కు సన్నటి రిబ్బన్ కేబుళ్లు ఉంటాయి, వాటి గొళ్లెం ఎత్తకుండా లాగితే తెగుతాయి. పవర్ సప్లై కూడా ఈ పెట్టెలోనే ఉంటుంది, దాని మూత జోలికి వెళ్లనక్కర్లేదు. ఇంట్లో ఎవరికైనా ల్యాప్‌టాప్ విప్పి బిగించిన అలవాటు ఉంటే చెయ్యగల పనే. లేకపోతే కత్తి పట్టిన చేతికే స్క్రూడ్రైవర్ ఇవ్వడం నాకిష్టం లేదు.

దుకాణానికి ఇచ్చేటట్టయితే, "విరిగినా మాకు సంబంధం లేదు" అన్న చోట మాత్రం వద్దు. డిస్కును ముక్కలు చేసి తీయడం డ్రైవ్‌ను కాపాడే పద్ధతి, మీకు కావలసింది దానికి వ్యతిరేకం. నెల్లూరులో, ఒంగోలులో గేమ్ కన్సోళ్లు బాగుచేసే వాళ్లను వాకబు చెయ్యండి. దొరక్కపోతే చెన్నైలో ఎలక్ట్రానిక్స్ దుకాణాల వీధి రిచీ స్ట్రీట్ ఉంది, కావలి నుంచి పొద్దున రైలెక్కితే చూపించుకుని తిరిగి రావచ్చు. ఎక్కడైనా మాట ముందే తేల్చుకోండి: డిస్క్ ముఖ్యం, డ్రైవ్ పోయినా ఫరవాలేదు, మా ఎదురుగానే విప్పాలి. "డ్రైవ్ మార్చేస్తాం" అంటే ఒకటి గుర్తుంచుకోండి. తొలినాటి ప్లేస్టేషన్ 4 మోడళ్లలో డ్రైవ్‌కు సంబంధించిన సర్క్యూట్ బోర్డు ఆ పెట్టె మదర్‌బోర్డుతో జతకట్టి ఉంటుంది. వేరే బోర్డు పెడితే డిస్కులు చదవదు. యంత్రభాగం మార్చినా పాత బోర్డు ఉండాల్సిందే. పాత బోర్డును వాళ్ల దగ్గర వదిలేసి వస్తే తమ్ముడి పెట్టెకు డిస్క్ ఆటలు శాశ్వతంగా బంద్.

"డ్రైవ్ పోయినా ఫరవాలేదు" అనే హక్కు మీకు లేదు, తమ్ముడిది. అందుకే మూడో మార్గానికి ముందు ఆయన ఒప్పుకోవాలి. ఆయన భయం బహుశా దాచుకున్న ఆటల గురించి. అవి హార్డ్‌డిస్క్ మీద ఉంటాయి, డిస్క్ డ్రైవ్ విప్పితే వాటికేం కాదు. డ్రైవ్ చెడినా డౌన్‌లోడ్ చేసిన ఆటలు ఆడుకోవచ్చు. ఈ రెండూ చెప్పి, బాగుచేయించే ఖర్చు మీదని చెప్పండి. ఫంక్షన్ ఎప్పుడో, వీడియోలో ఎవరున్నారో ఆయనకు చెప్పారో లేదో ఉత్తరంలో రాయలేదు. చెప్పి ఉండకపోతే, ఆయన దృష్టిలో ఇది ఓ పాత సీడీ కోసం తన పెట్టె విప్పడం మాత్రమే. తెలిశాక కూడా దీపావళి దాకా ఆగమంటాడని నేననుకోను. ఒకవేళ అన్నాడే అనుకోండి, పెట్టె ఎవరూ ముట్టుకోకుండా అలాగే ఉంటే లోపలి డీవీడీకి ప్రమాదం లేదు. అప్పుడు ఫంక్షన్‌కు వదిన వైపు కాపీ మీద ఆధారపడాలి. అది కూడా ఒక దారే, వదినకు ఇప్పుడే చెబితేనే తెరుచుకునే దారి.

ఈలోగా బంధువులు ఉపాయాలు చెబుతారు. స్కేలుకు ఫెవిక్విక్ రాసి డిస్కుకు అంటించి లాగమంటారు. దాని ఆవిరి లేజరు అద్దం మీద తెల్లటి పొరలా పేరుకుంటుంది, కారిన చుక్క రోలరును అతికించేస్తుంది. జారడానికి కొబ్బరినూనె వెయ్యమంటారు. రోలరు పట్టు అంతా దాని పొడితనంలోనే ఉంది. రెండు వైపులా జిగురుండే టేపు కార్డుకు చుట్టి దూర్చమంటారు. అది మొదట పట్టుకునేది ఇప్పటికే ఊడిన కాయితాన్ని. కత్తి మళ్లీ వద్దని వేరే చెప్పాలా?

డిస్క్ చేతికొచ్చాక తొందరపడి మిగిలిన కాయితం పీకొద్దు. డీవీడీ అంటే 0.6 మిల్లీమీటర్ల పలకలు రెండు అతికించినది, సమాచారం వాటి మధ్యలో ఉంటుంది. బలంగా పీకితే పలకలే విడిపోవచ్చు. వేలాడే ముక్కను మాత్రం కత్తెరతో కత్తిరించండి. కింది వైపు కత్తి గీతలున్నాయేమో వెలుతురులో వంచి చూడండి. మధ్య నుంచి అంచుకు పోయే గీతలైతే చాలావరకు చదువుతుంది, గుండ్రంగా తిరిగిన గీతలే ఎక్కువ చెరుపు. మెత్తటి పొడిగుడ్డతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవండి, గుండ్రంగా రుద్దొద్దు. నెయిల్ పాలిష్ రిమూవరు వాడితే ప్లాస్టిక్ తెల్లబారిపోతుంది.

ఆ డిస్క్ ఇక ట్రే ఉన్న డ్రైవ్‌లోకే వెళ్లాలి. మీ పాత కంప్యూటర్ చాలు. అక్కడా ట్రే బిగుసుకుంటే కంగారు లేదు. కంప్యూటర్ ఆపేసి, ట్రే ముందు పలకలో ఉన్న సూదిబెజ్జంలోకి తిన్నగా సాగదీసిన పేపర్ క్లిప్పును రెండు మూడు సెంటీమీటర్లు నెడితే ట్రే కొంచెం బయటికొస్తుంది, మిగతాది చేత్తో లాగొచ్చు. ఒక డ్రైవ్ చదవకపోతే ఇంకో కంపెనీ డ్రైవ్ చదవొచ్చు, కాబట్టి ఒక్క దాంతో ఆశ వదులుకోవద్దు. వీడియోను ప్లే చేసి చూస్తూ కూర్చోకుండా మొదట కాపీ తీయండి. మామూలు కాపీ మొదటి తప్పు దగ్గరే ఆగిపోతుంది. అలా ఆగితే లైనక్స్‌లో దొరికే డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాం తెలిసిన వాళ్లను పట్టుకోండి. అది బాగున్న భాగాలన్నీ ముందు చదివేసి, చెడిన చోట్లకు తర్వాత మళ్లీ మళ్లీ వస్తుంది.

డిస్క్ మొత్తాన్ని ఒకే ఐఎస్‌వో ఫైలుగా తీస్తే అది నాలుగు జీబీ దాటొచ్చు. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే అంత పెద్ద ఫైలు పట్టదు, ఎగ్జ్‌ఫ్యాట్‌లోకి ఫార్మాట్ చేసుకోండి. మండపంలో ఎల్‌ఈడీ తెర వాళ్లు సాధారణంగా ఎంపీ4 అడుగుతారు. ఐఎస్‌వోను కంప్యూటర్‌లో భద్రంగా ఉంచి, హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత ప్రోగ్రాంతో ఎంపీ4 చేసి, మామగారు కనిపించే ముక్కలు వేరు చెయ్యండి. ఫంక్షన్ ముందు రోజే ఆ పెన్‌డ్రైవ్‌ను వాళ్ల ప్లేయరులో పెట్టించి, బొమ్మతో పాటు మాట కూడా వస్తోందేమో విని రండి.